ఊరికే సముద్రానికి

మన భాషలో 'సెలవు' అన్న మాటకి ఎన్ని అర్థాలున్నాయో గమనించారా? బడికి సెలవు, ఆఫీసుకి సెలవు. వెళ్ళొస్తామని చెప్పడానికి 'ఇక సెలవు' అంటాం. పెద్దవాళ్ళు ఏదైనా చెబితే 'సెలవిచ్చారు' అంటాం. 'తమ సెలవైతే' అంటే తమరు అనుమతిస్తే అని. విశ్రాంతి, వీడ్కోలు, అనుమతి, మూడూ ఒక్క మాటలోనే ఇమిడిపోయాయి. ఆడవాళ్ళ విషయానికొస్తే ఇవి విడివిడిగా దొరకవు కూడా. అనుమతి లేనిదే విశ్రాంతి లేదు. అనుమతి దొరకాలంటే ఏదో ఒక కారణం చూపించాలి. ఆ కారణం గురించే ఈ నాలుగు మాటలూ.

మా అమ్మాయీ, అల్లుడూ ఇంగ్లండులో ఉద్యోగాలు చేస్తారు. 2023 ఏప్రిల్‌లో నేను వాళ్ళ దగ్గరున్నప్పుడు ఈస్టర్ సెలవులొచ్చాయి. "అత్తయ్యా, ఈసారి మేం గోల్ఫ్ హాలిడేకి పోర్చుగల్ వెళ్తున్నాం. మీరూ రావాలి. హాయిగా సముద్రం చూస్తూ కూర్చోవచ్చు" అన్నాడు అల్లుడు. గుడివాడలో ముప్ఫై ఏళ్ళు కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన నాకు గోల్ఫ్ అంటే టీవీలో కనబడే పచ్చగడ్డీ, తెల్ల టోపీలే. మన తెలుగునాట ఆ ఆట లేకపోలేదు. విశాఖపట్నంలో ఉంది, హైదరాబాదులో గోల్కొండ నయాకిలా దగ్గర ఉంది. కానీ ఆట ఆడుకోవడానికి విమానమెక్కి ఇంకో దేశం వెళ్తారన్న సంగతి నాకు కొత్త.

వెళ్ళిన చోటు పేరు అల్గార్వ్. పోర్చుగల్‌కి దక్షిణం కొసన, అట్లాంటిక్ ఒడ్డున ఉంటుంది. అరబ్బులు ఏలిన కాలంలో పడమటి దిక్కుకి వాళ్ళు వాడిన 'అల్ గర్బ్' అన్న మాటే ఆ పేరయింది. వానల్లో, చలిలో విసిగిపోయిన ఉత్తర యూరపు వాళ్ళకి అక్కడి ఎండంటే ప్రాణం. మనం నీడ కోసం వెతుక్కుంటాం, వాళ్ళు ఎండని కొనుక్కుంటారు. 1965లో ఫారో ఊళ్ళో విమానాశ్రయం వచ్చింది. ఆ మరుసటేడు పెనీనాలో పెద్ద గోల్ఫ్ మైదానం తయారైంది. తర్వాత ఆ తీరమంతా వరసగా మైదానాలే. విమానం, బస, ఆట అన్నీ కలిపి ప్యాకేజీగా అమ్ముతారు, మన బస్సు, దర్శనం, లడ్డూ కలిపిన తిరుపతి ప్యాకేజీ లాగే. దర్శనం టికెట్ మీద టైం వేసినట్టు ఆట మొదలుపెట్టే టైం కూడా ముందే రాసిస్తారు.

మేం నాలుగు కుటుంబాలం, ఏడుగురు పిల్లలం కలిసి ఒక విల్లాలో దిగాం. రోజూ ఉదయం ఏడింటికి మగవాళ్ళు నలుగురూ కర్రల సంచులు కారులో వేసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. పద్ధెనిమిది గుంటల్లో బంతి వెయ్యడానికి నాలుగు, నాలుగున్నర గంటలు పడుతుంది. అయ్యాక క్లబ్బులో కూర్చుని తాగుతూ కబుర్లు. దాన్ని సరదాగా పంతొమ్మిదో గుంట అంటారట. తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం మూడో నాలుగో అయ్యేది. విల్లాలో వంటింటికి 'సెల్ఫ్ కేటరింగ్' అని పేరు. ఆ 'సెల్ఫ్' ఎవరో మొదటి రోజు పొద్దున్నే తెలిసిపోయింది. ఆడవాళ్ళు నలుగురూ ఉద్యోగస్తులే. ఒకామె డాక్టరు. ఏడుగురు పిల్లలకి టిఫిన్లు, స్నానాలు, ఈతకొలను దగ్గర కాపలా, మధ్యాహ్నానికి పప్పుచారు, సాయంత్రానికి పకోడీలు. ఇంట్లో చేసే పనులే, కాకపోతే కత్తిపీట ఎక్కడుందో, బియ్యం గిన్నె ఎక్కడుందో తెలియని చోట చెయ్యడం. అల్లుడు చెడ్డవాడు కాదు. ఇంటి దగ్గర శని, ఆదివారాలు వంట అతనే చేస్తాడు. అక్కడ కూడా "అత్తయ్యా, మీరూ రెస్ట్ తీసుకోండి" అనేవాడు, షూ లేసులు కట్టుకుంటూ. నా విశ్రాంతి నేను తీసుకోవాలంటే అతను ఏం వదులుకోవాలో మాత్రం అతని ఆలోచనలోకి రాలేదు.

"నువ్వెందుకు ఆడవే?" అని మా అమ్మాయినడిగాను. "ఆడొచ్చమ్మా. మాకు బంతి మొదలుపెట్టే గుర్తు కూడా ముందుకి జరిపి పెట్టి ఉంటుంది. లేడీస్ టీ అంటారు" అంది నవ్వుతూ. ఈ ఆటకి పుట్టిల్లనదగ్గ స్కాట్లండులో, సెయింట్ ఆండ్రూస్ లోని రాయల్ అండ్ ఏన్షెంట్ క్లబ్బు 1754లో మొదలైంది. ఆడవాళ్ళని సభ్యులుగా చేర్చుకోవడానికి 2014లో ఓటు వేశారు. 260 ఏళ్ళు! ఇప్పుడు తలుపులు తెరిచే ఉన్నాయి, నిజమే. కానీ ఆ నాలుగున్నర గంటలు పిల్లల్ని ఎవరు చూస్తారన్న ప్రశ్న ఏ క్లబ్బు నిబంధనల్లోనూ లేదు కదా.

నాలుగో రోజో అయిదో రోజో మా అమ్మాయి నా దగ్గరికొచ్చి, మెల్లిగా, "అమ్మా, బ్రెడ్ అయిపోయింది. తెస్తాను. ఒక గంట పట్టొచ్చు" అంది. దుకాణం ఐదు నిమిషాల నడక. గంటన్నరకి వచ్చింది. చెప్పుల్లో ఇసుక. చేతిలో రెండు బ్రెడ్ ప్యాకెట్లు. అలమరలో అప్పటికే ఒక ప్యాకెట్ ఉందని నాకు తెలుసు. తనకీ తెలుసు. ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు. నెలకి నా ఏడాది పెన్షనంత సంపాదించే పిల్ల, తన డబ్బుతో కొనుక్కున్న సెలవులో, గంటసేపు సముద్రం చూడ్డానికి బ్రెడ్ పేరు చెప్పాల్సి వచ్చింది. ఎవరూ వద్దనలేదు. అడిగితే 'వెళ్ళు' అనేవాళ్ళే. అయినా కారణం లేకుండా అడగడానికి నోరు రాలేదు. ఆ రాత్రి నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది.

అమ్మమ్మది దివిసీమ, కోడూరు దగ్గర పల్లె. సముద్రం అక్కడికి దూరమేమీ కాదు. కానీ ఆవిడ సముద్రానికి వెళ్ళేది ఏడాదికి ఒక్కసారి, మాఘ పౌర్ణమికి. కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవిలో స్నానం, వేణుగోపాలస్వామి కల్యాణం. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు బళ్ళు కట్టించుకుని వచ్చేవాళ్ళు, తర్వాత రోజుల్లో ట్రాక్టర్లెక్కి. చిన్నప్పుడు నేనూ వెళ్ళాను. స్నానం పావుగంటలో అయిపోయేది. మిగిలిన పూటంతా తడి చీరలు ఇసుకలో ఆరేసుకుని, జుట్లు విరబోసుకుని, కాళ్ళు చాపుకుని కబుర్లే కబుర్లు! అమ్మమ్మ అంత గట్టిగా నవ్వగా ఇంటి దగ్గర నేనెన్నడూ వినలేదు. ఒకసారి అడిగాను, ఇంత ఇష్టమైతే మధ్యలో ఎప్పుడైనా రావచ్చు కదా అని. "సముద్రం సూట్టానికి ఎల్తానంటే కాళ్ళిరగ్గొడతారే. తానానికంటే బండి కట్టిత్తారు" అంది.

మన మిత్రుల్లో కొందరు ఈ స్నానాలూ, నోములూ అన్నీ ఆడవాళ్ళని కట్టిపడేసే నమ్మకాలంటారు. వాటిలో ఆ తాడు ఉన్న మాట నిజమే. కానీ ఆ తాడు పట్టుకునే ఎంతమంది గడప దాటారో కూడా లెక్క వెయ్యాలి కదా. పుణ్యం పేరు చెబితే మగవాడు నోరెత్తలేడు. అది అమ్మమ్మ తరానికి దొరికిన ఒకే ఒక్క సెలవు చీటీ. మా అమ్మ తరానికి కార్తీక వనభోజనాలొచ్చాయి. తోటలో ఉసిరి చెట్టు కింద మగవాళ్ళు పేకాడుకుంటే, ఆడవాళ్ళు పొయ్యి రాళ్ళు పేర్చి పులిహోర కలిపేవాళ్ళు. విల్లాలో సెల్ఫ్ కేటరింగ్ చూసినప్పుడు నాకది కొత్తగా అనిపించకపోవడానికి కారణం అదే. సంక్రాంతికి మా వైపు కోడిపందాల బరుల దగ్గర మూడు రోజులు మగవాళ్ళు గడిపే కాలానికి ఎవరూ కారణం అడగరు. అది 'సరదా'. ఆ మూడు రోజులూ ఇంట్లో అరిసెల పాకం దగ్గర నిలబడ్డవాళ్ళకి మాత్రం అది 'పండగ పని'.

అల్గార్వ్ సంగతికి మళ్ళీ వస్తాను. మా అల్లుడు వాళ్ళు ఆడిన మైదానాల్లో ఆ పెనీనా కూడా ఒకటి. దాన్ని రూపొందించింది హెన్రీ కాటన్, బ్రిటిష్ ఓపెన్ మూడుసార్లు గెల్చిన ఇంగ్లీషు ఆటగాడు. అంతకుముందు అక్కడున్నవి చిత్తడి నేలలో వరిచేలు. ఆ తేమ పీల్చడానికి వేలకి వేలు చెట్లు నాటించాడట. వింటుంటే నాకు నవ్వొచ్చింది. కృష్ణా డెల్టాలో పుట్టినవాళ్ళకి కాటన్ అంటే ఒక్కడే. 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్టని దగ్గరుండి కట్టించింది ఓర్ అనే ఇంజనీరైనా, కాలవ నీళ్ళకి మావాళ్ళు తలుచుకునేది ఆర్థర్ కాటన్ దొరనే. ఒక కాటన్ పేరు చెప్పుకుని మేం వరి పండించుకుంటుంటే, ఇంకో కాటన్ వరిచేను ఆరబెట్టి ఆటకి గడ్డి పెంచాడు.

పద్ధెనిమిది గుంటల మైదానానికి 120 నుంచి 150 ఎకరాలు కావాలి. అంత వరిచేను పోతే ఏమవుతుందో మా ప్రాంతం ఆడవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. 1980ల చివరి నుంచి గుడివాడ, ముదినేపల్లి, కైకలూరు, బంటుమిల్లి వైపు చేలు చేపల చెరువులయ్యాయి, రొయ్యల చెరువులయ్యాయి. వరి ఉంటే నాట్లున్నాయి, కలుపుంది, కోతలున్నాయి. నాట్లూ, కలుపూ ఆడవాళ్ళ పనులు. చెరువుకి కాపలా కాసేది, మేత వేసేది, వల లాగేది మగవాళ్ళు. భూమి ఎక్కడికీ పోలేదు, దాని మీద ఆడకూలీకి చోటు పోయింది. వాళ్ళలో చాలామంది రొయ్యల తలలు తీసే షెడ్లకి చేరారు. ఐసులో చేతులు పెట్టి నిలబడి చేసే పని అది.

పోర్టిమావ్ ఊళ్ళో ఒక మ్యూజియం ఉంది. ఒకప్పటి చేపల ఫ్యాక్టరీని బాగు చేసి 2008లో తెరిచారు. ఓ మబ్బు పట్టిన పూట పిల్లల్ని తీసుకుని మేం ఆడవాళ్ళమే వెళ్ళాం. ఈ పర్యాటకం రాకముందు అల్గార్వ్ బతికింది చేపల మీద. మన కవల చేపల్లాంటి సార్డిన్లని శుభ్రం చేసి, డబ్బాల్లో పేర్చింది ఎక్కువగా ఆడవాళ్ళే. పడవలు ఏ వేళకొస్తే ఆ వేళకి ఫ్యాక్టరీ కూత వేసేదట. అర్ధరాత్రైనా సరే, ఆ కూత వినగానే పరిగెత్తాలి. ఆ ఫొటోల్లో తలగుడ్డలు కట్టుకుని బల్లల ముందు వరసగా నిలబడ్డ ఆడవాళ్ళని చూస్తే నాకు బందరు దగ్గర గిలకలదిండి రేవే కళ్ళముందుకొచ్చింది. వేటకెళ్ళే పడవ మగవాడిది. చేప ఒడ్డుకొచ్చాక దాన్ని ఎండబెట్టడం, బుట్టకెత్తడం, ఊరూరా తిరిగి అమ్మడం ఆడదానిది. రెండు తీరాల్లోనూ ఆడవాళ్ళకి సముద్రమంటే పనే. సముద్రాన్ని చూడ్డానికి వచ్చేవాళ్ళు వేరే.

ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ కూతలు లేవు. ఆ స్థానంలో విల్లా గదులున్నాయి. మేం ఖాళీ చేసే శనివారం శుభ్రం చెయ్యడానికి ఒకామె వచ్చింది. బ్రెజిల్ నుంచి వచ్చిందట. మా అమ్మాయి ద్వారా అడిగాను, ఇక్కడి సముద్రంలో స్నానం చేశారా అని. ఆమె దుప్పటి దులుపుతూనే జవాబు చెప్పింది. సీజనంతా శని, ఆదివారాలే ఎక్కువ పనట. చలికాలంలో పని తగ్గినప్పుడు వెళ్తుందట. అంటే నీళ్ళు చల్లబడ్డాక, ఎండ పోయాక. పొరుగున స్పెయిన్‌లో హోటల్ గదులు ఊడ్చే స్త్రీలు గత దశాబ్దంలో ఒక సంఘం పెట్టుకున్నారు. పేరు 'లాస్ కెల్లీస్'. 'శుభ్రం చేసేవాళ్ళు' అన్న స్పానిష్ మాటల్ని కుదించి తమకి తామే పెట్టుకున్న పేరు. రోజుకి ఎన్ని గదులు, గదికి ఎంత కూలి, విరిగిపోతున్న నడుములకి ఎవరు బాధ్యులు అని వాళ్ళు గట్టిగానే అడుగుతున్నారు. ఎండా సముద్రమూ ప్రకృతి ఇచ్చినవే. హాలిడే మాత్రం ఎవరో ఒకరు పక్కలు పరిస్తేనే తయారవుతుంది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఇప్పుడు మా తీరానికీ ఈ మాటలొస్తున్నాయి. బందరులో 2023 మేలో పోర్టు పనులకి శంకుస్థాపన జరిగింది. 2025 జూన్‌లో మంగినపూడిలో మసులా బీచ్ ఫెస్టివల్ చేశారు. పర్యాటకం పెరగాలి, పెట్టుబడులు రావాలి అంటున్నారు. రానివ్వండి. నాకు అభ్యంతరం లేదు. మా తీరానికి శోకం తప్ప వేరే పేరు లేదనుకునేవాళ్ళున్నారు. 1864 నవంబరులో బందరుని ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమలో పోయినవాళ్ళు అధికారిక లెక్కల్లోనే 10,000కి పైన. ఆ తీరం మీద నలుగురు నవ్వుకునే రోజు రావడం మంచిదే. కానీ ఆ నవ్వుకునే నలుగురిలో మేమున్నామా, లేక వాళ్ళ గదులు ఊడ్చే చోట మాత్రమే ఉంటామా అన్నది ముందే తేలాలి.

అమ్మమ్మ చెల్లెలు, ఆవిడ ఇద్దరు పిల్లలు ఆ 1977 ఉప్పెనలోనే పోయారు. అమ్మమ్మ ఆ తర్వాత రెండేళ్ళు మాఘ పౌర్ణమికి వెళ్ళలేదు. మూడో ఏడు నన్ను తోడు తీసుకుని బయల్దేరింది. ఈసారి పౌర్ణమి కూడా కాదు. మామూలు రోజు. ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పలేదు. నీళ్ళలోకి దిగలేదు, పసుపూ కుంకుమా వెయ్యలేదు, దండం కూడా పెట్టలేదు. ఇసుకలో కూర్చుని చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయింది. "ఎందుకొచ్చాం అమ్మమ్మా?" అంటే, "ఊరికే" అంది. ఆవిడ నోట ఆ మాట నేను విన్నది అదొక్కసారే. ఏ పని చేసినా ఎవరి కోసమో, దేని కోసమో చేసిన మనిషి. అంత దుఃఖం పడితే గానీ ఆ ఒక్క మాటకి హక్కు రాలేదు ఆవిడకి.

2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేకుండా ప్రయాణం ఇచ్చారు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచే ఉంది. ఇచ్చిన దగ్గర్నించీ బస్టాండుల్లో, టీ కొట్ల దగ్గర ఒకటే మాట వింటున్నాను. "ఊరికే వస్తోందని ఊరికే తిరుగుతున్నారు." రెండు 'ఊరికే'లూ ఒకే వాక్యంలో! ఈ మాటకి మనవాళ్ళలో చాలామంది సంజాయిషీ ఇచ్చుకుంటున్నారు. అబ్బే, ఊరికే కాదండీ, కూలికెళ్తున్నారు, ఆస్పత్రికెళ్తున్నారు, కాలేజీకెళ్తున్నారు, అమ్మని చూసి రావడానికి వెళ్తున్నారు అని. అవన్నీ నిజమే. అయినా ఆ సంజాయిషీ నాకు నచ్చదు. అది బ్రెడ్ ప్యాకెట్ లాంటిదే. అవును, ఊరికే తిరుగుతున్నాం, అయితే ఏం? అని ఎందుకనకూడదు? ఆట కోసం విమానమెక్కి అట్లాంటిక్ ఒడ్డుకి వెళ్ళేవాణ్ణి ఎవరూ ఎందుకు తిరుగుతున్నావని అడగరు. గుడివాడలో బస్సెక్కి మంగినపూడి వెళ్ళే ఆడమనిషిని మాత్రం అడుగుతారు.

కాబట్టి మా తీరానికి పర్యాటకం తెస్తామనేవాళ్ళని నేనడిగేవి చాలా చిన్నవి. ఆడవాళ్ళు బట్టలు మార్చుకోవడానికి తలుపు గడియ పడే గది, నీళ్ళొచ్చే మరుగుదొడ్డి. చీకటి పడ్డాక ఊరికి చేర్చే బస్సు. దీపాలు. ఒంటరిగా కూర్చున్న మనిషిని 'ఎవరమ్మా నువ్వు, ఎవరి కోసం' అని అడగని కాపలావాళ్ళు. అక్కడ గదులు ఊడ్చేవాళ్ళకి వారానికొక రోజు, సీజన్లోనే, కూలి కోసుకోకుండా సెలవు. రిసార్టు కట్టడానికి ఎకరాలు కొలిచేటప్పుడు, ఆ ఎకరాల్లో ఎంతమంది ఆడవాళ్ళు పని చేసేవాళ్ళో కూడా లెక్క రాయాలి.

ఇళ్ళల్లో అడగాల్సింది ఇంకా చిన్నది. అడగడానికి ఇంకా కష్టమైనది. ఈ ఏడు మా అమ్మాయి ఫోన్‌లో, "అమ్మా, ఆదివారం పొద్దున్న నేను రెండు గంటలు బయటికెళ్తున్నాను" అంది. ఎక్కడికని అడగబోయి ఆగిపోయాను. తనే చెప్పింది, "ఎక్కడికీ కాదు. ఊరికే." పిల్లల్ని ఎవరు చూస్తున్నారని మాత్రం అడిగాను. "వాళ్ళ నాన్న" అంది. ఆ ఆదివారం అతను ఎన్ని గుంటలు వదులుకున్నాడో నాకు తెలియదు. వదులుకోవడం మాత్రం మొదలైంది.